కోడిపెట్టకు ఒప్పుకోని దొంగ

సంధానపురాన్ని మొదటిసారి చూసినవాడు ఎవడైనా ముచ్చటపడక మానడు. కోటగోడలకు పాలమీగడ లాంటి సున్నం, వీధులకు ఇరుపక్కలా పొగడచెట్లు, ప్రతి కూడలిలోనూ తొండంతో పన్నీరు చిమ్మే చలువరాతి ఏనుగు, మేడల మీద నెమళ్లు, ఆ మేడల నీడన తీరిగ్గా తాంబూలం నములుతూ కూర్చున్న పౌరులు. ఆ పౌరుల ముఖాల్లో కోపం మచ్చుకైనా కనిపించదు. పోట్లాట లేదు, కేక లేదు, వాదు లేదు. కాస్త పరకాయించి చూస్తే మాత్రం, దాదాపు ప్రతివాడి కుడిచేతికీ ఒక రాగికడియం కనిపిస్తుంది. అది అలంకారం కాదు. ఏదో ఒక నేరం ఒప్పుకొని రాజీపడ్డాడనడానికి గుర్తు.

ఇంత అందమైన నగరంలో సారంగుడికి దొరికిన విడిది చెరసాల. గడ్డిపరుపు మీద మోకాళ్లు ముడుచుకొని కూర్చొని, సంకెళ్లు పడిన చేతుల వంక చూసుకుంటున్నాడు. అతడు రాజకుమారుడు కాడు, మారువేషంలో ఉన్న రాజకుమారుడూ కాడు. దక్షిణపు కొండల్లో తేనెపట్లు దించుకొని బతికేవాడు. అతని అన్న సింగన్న శాపం తగిలిన సెలయేట్లో నీళ్లు తాగి, పాదాల నుంచి పైకి మెల్లమెల్లగా రాయిగా మారిపోతున్నాడు. సారంగుడు ఇల్లు వదిలేనాటికే రాయి నడుము దాటింది. పెదవులు బిగుసుకుపోకముందే ధూమగిరి మీద మొలిచే చంద్రజట అనే మూలిక రసం నోట్లో పోస్తే సింగన్న మళ్లీ మనిషవుతాడు. ఆలస్యమైతే ఇంటిముందు ఒక విగ్రహం మిగులుతుంది. ధూమగిరికి దారి ఒక్కటే. అది సంధానపురం ఉత్తరద్వారం గుండా పోతుంది. కడియం ఉన్న చెయ్యి ఆ ద్వారం దాటకూడదని ఆ రాజ్యపు శాసనం.

అందుకే చెరసాల తలుపు తెరుచుకొని మధురభట్టు లోపలికి వచ్చినప్పుడు సారంగుడు తన మణికట్టును రెండోచేత్తో కప్పుకున్నాడు.

మధురభట్టు రాజీకచేరీకి పెద్ద. గుండ్రటి మనిషి, గుండ్రటి బొజ్జ, అంతకంటే గుండ్రటి మాట. ఒకచేత్తో కడియం, రెండోచేత్తో అరిసెల పళ్లెం పట్టుకొని వచ్చాడు.

"తిన్నావా నాయనా?" అంటూ పక్కనే చతికిలబడ్డాడు. "ముందు ఒక అరిసె తిను. మహారాజుగారి రెక్కలగుర్రం మేఘఘోషాన్ని ఎత్తుకుపోయావని నీ మీద ఫిర్యాదు. చాలా పెద్ద నేరం, తల పోతుంది. అంత పెద్దది నీకెందుకు చెప్పు? నీ వయసుకు, నీ ఒంటికి నప్పేది ఏదైనా చూద్దాం."

"నేనా గుర్రాన్ని చూడనైనా లేదు పంతులుగారూ. చేలగట్టు మీద తెల్లటి ఈక పడి ఉంటే, బాగుంది కదా అని తలపాగాలో పెట్టుకున్నా. అంతే."

"చూశావా, చూడలేదా అన్నది విచారణలో వచ్చే మాట. మనం అంతదూరం పోము కదా. సరే, గుర్రాన్ని గాడిదకు దించుతాను. ఒక కడియం, పక్షంరోజులు వీధులూడ్చడం. ఏమంటావు?"

"గాడిదనూ నేను దొంగిలించలేదు."

"మేక?"

సారంగుడు తల అడ్డంగా ఊపాడు.

మధురభట్టు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇదిగో, నా ఉద్యోగంలో ఎవరికీ చెయ్యని మేలు నీకు చేస్తున్నాను. కోడిపెట్ట. గుర్రానికీ రెక్కలున్నాయి, కోడికీ రెక్కలున్నాయి, కాబట్టి న్యాయానికేమీ లోటు రాదు. 'కోడిపెట్టను నేనే దొంగిలించాను' అని ఒక్క ముక్క అనేసి, కడియం తొడిగించుకొని, మధ్యాహ్నానికి భోజనానికి ఇంటికి వెళ్లిపో."

"మా ఇల్లు దక్షిణాన ఉంది. నాకు పనున్నది ఉత్తరాన," అన్నాడు సారంగుడు. "పంతులుగారూ, ఇక్కడ పట్టుబడ్డవాళ్లలో నూటికి ఎంతమంది ఇలా ఒప్పుకుంటారు?"

"తొంభైతొమ్మిది మంది," అన్నాడు మధురభట్టు గర్వంగా.

"ఆ మిగిలిన ఒక్కడు?"

"ఒప్పుకోవడానికి వస్తూ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు పాపం. కట్టు విప్పాక వచ్చి వాడూ ఒప్పుకున్నాడు."

"అయితే నాకు విచారణ కావాలి."

మధురభట్టు చేతిలోని పళ్లెం వాలిపోయి అరిసెలు గడ్డిలో దొర్లాయి. ఆ మాటను అతడు పుస్తకాల్లో చదివాడు గాని, బతికున్న మనిషి నోట వినలేదు. "నాయనా, విచారణలో ఓడితే మేకా లేదు, కోడీ లేదు. తిన్నగా తలారి దగ్గరికే. అందుకే కదా అందరూ ఒప్పుకునేది," అని బతిమాలాడు. సారంగుడికి భయం వేయకపోలేదు. అయినా నడుముదాకా రాయైన అన్న కళ్ల ముందు నిలిచేసరికి, మణికట్టు మీది చెయ్యి తియ్యలేదు.

కబురు కోటలోకి పాకింది. ఒక జాము తిరక్కుండానే కాపలావాడు భద్రుడు ఇంకొక ఖైదీని తెచ్చి సారంగుడి పక్కన కూర్చోబెట్టాడు. కొత్త ఖైదీకి చింపిరి గుడ్డలు, ముఖాన మసి, అంటించిన గడ్డం. ఒంటినుంచి మాత్రం కస్తూరి, పచ్చకర్పూరం గుబాళిస్తున్నాయి. అతడు తుమ్మితే భద్రుడు "చిరంజీవ ప్రభూ" అని చేతులు కట్టుకొని, అంతలోనే నాలిక కరుచుకొని, "నోరుమూసుకొని కూర్చోరా దొంగా" అని మహావినయంగా గదమాయించాడు. ప్రసన్నసేన మహారాజుకు మారువేషాలంటే ఎంతో ప్రీతి. గుర్తుపట్టనట్టు నటించడం ఆ నగరంలో ప్రతివాడికీ ఉగ్గుపాలతో వచ్చిన విద్య.

"ఏం తమ్ముడూ," అన్నాడు మారువేషపు రాజు, "నేను కూడా నీలాంటి దొంగనే. ఒప్పుకుంటే పోయేదేముంది? నేనూ ఒప్పుకున్నాను. చూడు." చినిగిన చొక్కాచెయ్యి పైకి లాగాడు. మణికట్టుకు కడియం ఉంది. రాగి మీద బంగారుపూత.

"నువ్వేం దొంగిలించావన్నా?" అన్నాడు సారంగుడు.

"మామిడికాయలు. పదేళ్లవాణ్ణి అప్పుడు. గురువుగారి తోటలో."

"నిజంగానే కోశావా?"

ఇన్నేళ్లలో ఆ మాట రాజును ఎవరూ అడగలేదు. గడ్డం ఒకపక్క ఊడి వేలాడుతుంటే దాన్ని అదుముకుంటూ లేచి, తాను ఖైదీనన్న సంగతి మరిచిపోయి, తలుపు తనే తీసుకొని వెళ్లిపోయాడు. మర్నాటి పొద్దున విచారణ జరగాలని ఆజ్ఞ వెలువడింది.

ఆజ్ఞయితే వెలువడింది గాని, విచారణ ఎక్కడ చేస్తారో ఎవరికీ గుర్తులేదు. వెతగ్గా వెతగ్గా కోట తూర్పుమూలన న్యాయమండపం బయటపడింది. తలుపులకు తీగలల్లుకున్నాయి, తాళం తుప్పుపట్టి రాలిపోయింది. లోపల ఏనుగుదంతపు స్తంభాలు, వాటి మీద చెక్కిన త్రాసులు, పైన నీలాల కప్పు, కప్పుకింద న్యాయపీఠం. ఆ పీఠం మీద నిండు గంగాళమంత తేనెపట్టు. తలుపు కిర్రుమనగానే అది బుస్సుమంది.

ముందుగా అడుగుపెట్టిన భటులు ముందుగానే పారిపోయారు. మధురభట్టు తలపాగాలోకి రెండు ఈగలు దూరితే ఆ పెద్దమనిషి మండపం చుట్టూ మూడుచుట్లు పరుగెత్తి ఏనుగుబొమ్మ తొండం కింద పన్నీట్లో కూర్చున్నాడు. ఈగల దండు సభాసదుల మీదికి మళ్లబోతుండగా సారంగుడు సంకెళ్లు గలగలమనిపించుకుంటూ ముందుకొచ్చి, పచ్చి వేపమండలు అడిగి, పొగబెట్టి, కండువా ముఖానికి చుట్టుకొని పీఠం ఎక్కాడు. రెండుచోట్ల కుట్టించుకున్నాడు గాని, పట్టు కొసకోసి కుండలోకి దించేశాడు. తనను శిక్షించబోయే పీఠాన్ని తానే శుభ్రంచేసిన ముద్దాయి లోకంలో ఇంకొకడు ఉండడు.

ఆ పీఠం మీద కూర్చున్నవాడు వృద్ధన్యాయాధిపతి సత్యకేతు. నెలనెలా జీతం పుచ్చుకుంటూ, పొద్దున్నే ఉత్తరీయం మడతపెట్టుకుంటూ, ఒక్క విచారణ కూడా చేయకుండా ముసలివాడైపోయాడు. పీఠం ఇంకా జిగటగా ఉండటంతో ఒకసారి కూర్చున్నాక లేవడం కష్టమైంది.

ఫిర్యాదుదారుగా మహామాత్యుడు ధూమకేతనుడు నిలబడ్డాడు. పొడుగాటి మనిషి. వయసు చెప్పలేని ముఖం, తుమ్మెదరెక్కల్లా నల్లటి జుట్టు. రాజ్యంలో రాజీపద్ధతి తెచ్చినవాడు అతడే. మహారాజు తాతగారి కాలంలోనూ అమాత్యుడు ఇలాగే ఉండేవాడని ముసలివాళ్లు మెచ్చుకుంటూ చెప్పుకొనేవారు. అది మెచ్చుకోవలసిన సంగతేనా అని మాత్రం ఎవరికీ తట్టలేదు.

"వీడు గుర్రాన్ని దొంగిలించాడు. ఈక దొరికింది. తల తీయించండి," అన్నాడు అమాత్యుడు.

సత్యకేతు గొంతు సవరించుకున్నాడు. ఏం చేయాలో తెలియలేదు. ఏదో ఒకటి అడగాలి గనుక అడిగాడు. "గుర్రం పోయిందని చూసిందెవరు?"

అశ్వశాల అధికారి లేచి, "అమాత్యులవారు చెప్పారండి," అన్నాడు.

"నువ్వు చూడలేదా?"

"శాలకు అమాత్యులవారు ముద్ర వేయించారండి. నేరం జరిగినచోటికి రాజీ అయ్యేదాకా ఎవరూ పోకూడదు కదండి. రాజీ అయ్యాక ఇక పోవలసిన పనుండదు కదండి."

సత్యకేతు ముఖం వికసించింది. ప్రశ్న అడిగితే జవాబు వస్తుందనీ, ఆ జవాబులోంచి ఇంకో ప్రశ్న పుడుతుందనీ ఆయనకు ఈ వయసులో మొదటిసారి తెలిసింది. తీపి తగిలిన పిల్లవాడిలా ముందుకు వంగాడు. "ఏనాడైనా ఎవరైనా పోయి చూశారా? పోయినేడు ఖజానాలో పళ్లెం పోయిందన్నారు, అప్పుడు? చాకలిరేవులో పట్టుచీర పోయిందన్నారు, అప్పుడు?"

ఎవరూ చూడలేదు. ప్రతిసారీ ఎవడో ఒకడు పట్టుబడ్డాడు, ఏదో ఒకదానికి ఒప్పుకున్నాడు, పని అయిపోయింది.

"అయితే నాకు ఆ అశ్వశాల చూడాలనుంది," అన్నాడు సత్యకేతు. "నన్ను కాస్త పైకి లేపండి."

"వీల్లేదు," అన్నాడు ధూమకేతనుడు. మొదటిసారి అతని గొంతు పగిలింది. అయితే మహారాజు అప్పటికే లేచి నిలబడ్డాడు. మామిడితోట ప్రశ్న రాత్రంతా ఆయన్ను నిద్రపోనివ్వలేదు.

సభ మొత్తం అశ్వశాలకు తరలింది. ముద్ర పగలగొట్టి తలుపు తోశారు. లోపల మేఘఘోషం నిలబడి ఉంది. వెన్నెల ముద్దచేసినట్టున్న తెల్లటి ఒళ్లు, రెండు బారల రెక్కలు, కాళ్లకు పొగతో పేనిన పగ్గాలు. అది కనిపించినందుకు ఎవరూ సంతోషించలేకపోయారు. ఎందుకంటే శాల గోడలనిండా, కింద నుంచి కప్పుదాకా, ముద్ర వేసేనాటికి అక్కడ కనిపించని, చమురూ వత్తీ లేని ప్రమిదలు నీలంగా వెలుగుతున్నాయి. ప్రతి దీపమూ గుసగుసలాడుతోంది.

"పళ్లెం నేనే దొంగిలించాను." "చీర నేనే ఎత్తుకుపోయాను." "పాలలో నీళ్లు నేనే కలిపాను." వందల గొంతులు. అన్నీ ఆ ఊరివాళ్లవే. ఎవరి గొంతును వాళ్లు గుర్తుపట్టి నిలువునా నీరైపోయారు. ఒక మూల నుంచి పదేళ్ల పిల్లవాడి గొంతు, "మామిడికాయలు నేనే కోశాను గురువుగారూ, కొట్టకండి," అంటోంది. ప్రసన్నసేన మహారాజు కిరీటం తీసి చేత్తో పట్టుకున్నాడు.

కాపలావాడు భద్రుడు ఒక దీపం దగ్గర ఆగిపోయాడు. దాంట్లోంచి పడుచుగొంతు వినిపిస్తోంది. "మామగారి ఎద్దుకు విషం నేనే పెట్టాను."

"నేను పెట్టలేదు," అన్నాడు భద్రుడు. ఎవరితోనూ కాదు, ఆ దీపంతోనే. "ఆ ఎద్దంటే నాకు ప్రాణం. విచారణకు పోతే తల పోతుందన్నారు. ఇంట్లో కొత్త పెళ్లాం ఉంది, భయపడ్డాను. ఆ తర్వాత ఆవిడ నా ముఖం చూడలేదు. నేను పెట్టలేదు."

దీపం టప్పున ఆరిపోయింది. అదే క్షణాన ధూమకేతనుడు మూలిగాడు. తుమ్మెదరెక్కల జుట్టులో ఒక పాయ ముగ్గుబుట్టలా తెల్లబడింది.

సారంగుడు అది చూశాడు. పూర్తిగా కాకపోయినా, కావలసినంత అర్థమైంది. ఈ అమాత్యుడు మాంత్రికుడు. మనుషులు చేయని నేరాన్ని చేశామని ఒప్పుకున్నప్పుడల్లా ఆ అబద్ధం ఇక్కడ దీపమై వెలిగి వీడికి ఆయుష్షు పోస్తోంది. అందుకే వస్తువులు మాయం చేస్తాడు, అందుకే రాజీలు. గుర్రమైనా కోడిపెట్టయినా వీడికొకటే, అబద్ధమైతే చాలు.

"చెప్పండి," అని అరిచాడు సారంగుడు. "చెయ్యనివాళ్లు చెయ్యలేదని చెప్పండి. ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క దీపం."

మొదట మధురభట్టే అన్నాడు, చాలా చిన్నగా. ఆయనకూ ఒక కడియం ఉంది, అంగరఖా చెయ్యి కింద. తర్వాత అశ్వశాల అధికారి. తర్వాత మహారాజు, "ఆ కాయలు గాలికి రాలాయి," అని పదేళ్లవాడి రోషంతో అన్నాడు. ఇక శాల హోరెత్తిపోయింది. దీపాలు వరసలు వరసలుగా ఆరుతుంటే ధూమకేతనుడి నడుం వంగింది, పళ్లు రాలాయి, చర్మం వేలాడింది. అయినా వాడు మామూలు ముసలివాడు కాడు. నోరు తెరిచి నల్లటి పొగ ఉమిశాడు. పొగ పాములై పైకి లేచి జనాన్ని చుట్టుకుంది. కప్పు దూలాలు మండాయి. పక్కశాలల్లోని గుర్రాలు తాళ్లు తెంచుకొని తొక్కిసలాడాయి.

సత్యకేతు గడ్డిమోపు చాటుకు దూరాడు. అంత గందరగోళంలోనూ ఆయనకు తన పని గుర్తొచ్చింది. గడ్డిలోంచి చెయ్యి ఒక్కటి బయటికి చాపి, "గుర్రం ఇక్కడే ఉంది కాబట్టి ముద్దాయి నిర్దోషి. సంకెళ్లు తీసేయండి," అని తీర్పు చెప్పాడు. భద్రుడు పొగలో తడుముకుంటూ వచ్చి సంకెళ్లు విప్పాడు.

విప్పిన మరుక్షణం, ఒక పొగపాము వచ్చి సారంగుడి నడుం మీద పడబోయింది. అతడు పక్కకు దూకి, మేఘఘోషం కాళ్ల పగ్గాన్ని గడ్డిమోపుకు గుచ్చి ఉన్న కొడవలితో కోసి, దాని వీపెక్కాడు. ఎక్కాక గుర్రాన్ని ఆపేవాడెవడు? అది నెలరోజులుగా కట్టుమీద ఉంది. ఒక్క ఊపుతో మండుతున్న కప్పును చీల్చుకొని ఆకాశంలోకి లేచింది.

కింద ప్రసన్నసేన మహారాజు మంటలను, మాంత్రికుణ్ణి, సకలం మరిచి, "నా గుర్రం. వాడు నా గుర్రాన్ని తీసుకుపోతున్నాడు," అన్నాడు. ఆ మాటలో ఈసారి ఏ పొరపాటూ లేదు. సారంగుడికీ ఆ సంగతి తట్టింది. నిర్దోషిగా బయటపడి గుటకవేసేలోగానే, ఏ నేరానికైతే తల పోతుందన్నారో సరిగ్గా ఆ నేరాన్నే చేస్తున్నాడు. దిగి అప్పగించడానికి తీరిక లేదు. కళ్లెం ఉత్తరానికి తిప్పాడు.

పన్నీటి ఏనుగులు, పొగడచెట్లు, మేడలు కిందికి జారిపోయాయి. ఉత్తరద్వారపు బురుజులు దగ్గరపడుతుండగా గాలి నల్లబడింది. వెనక నుంచి గద్దరెక్కలతో, ఎముకల గూడులా మిగిలిన ధూమకేతనుడు తరుముకొచ్చాడు. గోళ్లు గుర్రం తోకను అందుకున్నాయి. మేఘఘోషం సకిలించి ఒక రెక్క ముడిచింది. గుర్రమూ, సారంగుడూ, మాంత్రికుడూ కలిసి గిరికీలు కొడుతూ బురుజుల మీదికి పడసాగారు. గోడ మీద కావలివాళ్లు, శాల నుంచి పరుగెత్తుకొచ్చిన జనం తలలెత్తి చూస్తున్నారు.

"ఒరే తేనెగాడా," అని రొప్పాడు మాంత్రికుడు. దీపాల్లో ఒకటో రెండో మిగిలాయి కాబోలు, మాట కూడా తునకలుగా వస్తోంది. "నీ అన్న సంగతి నాకు తెలుసు. రాయి గొంతుదాకా వచ్చింది. ఆ సెలయేటికి శాపం పెట్టింది నేనే, తీసేదీ నేనే. ఇప్పుడే మనిషిని చేస్తాను. బేరం చిన్నది. 'గుర్రాన్ని నేనే దొంగిలించాను' అను. ఒక్కసారి అను చాలు."

అన్న గొంతుదాకా రాయైపోయాడన్న మాట వినగానే సారంగుడికి ఏడుపొచ్చింది. ఆ ఒక్క ముక్క అనేస్తే అన్న లేచి నడుస్తాడు. ఈ బేరానికి తలొగ్గనివాడు మనిషేనా అనిపించింది కూడా. అయితే ఏడుస్తూనే కింద తొడల మధ్య కొట్టుకుంటున్న గుర్రం ఊపిరి తెలిసింది. రాజుది. అడక్కుండా ఎక్కినది. తిరిగి ఇవ్వకుండా తోలుకుపోతున్నది.

ధూమకేతనుడు ఇన్ని తరాలుగా ఒప్పుకోళ్లు మింగాడు గాని, ఎన్నడూ ఏదీ నిజమా కాదా అని చూసుకున్నవాడు కాడు. అతను నేర్పిన అలవాటే అది, అతనికీ అదే పట్టుకుంది.

"వినండి," అన్నాడు సారంగుడు, బురుజుల మీదివాళ్లకు కూడా వినపడేలా. "మహారాజుగారి గుర్రాన్ని నేనే దొంగిలించాను."

మాంత్రికుడు ఆబగా నోరు తెరిచి ఆ మాటను ఊపిరితో లోపలికి పీల్చుకున్నాడు. పీల్చుకున్నవాడు అలాగే ఉండిపోయాడు. కళ్లు గుండ్రమయ్యాయి. పెదవుల మీద నీలిమంట బదులు మామూలు ఎర్రటి మంట లేచింది. గొంతులో ఇరుక్కున్న ముల్లును పెకలించుకోబోయినట్టు మెడ పట్టుకొని, తోక వదిలేసి, గద్దరెక్కలు ఒక్కొక్క ఈకగా రాలిపోతుండగా, కోటబయటి అగడ్తలోకి తలకిందులుగా పడ్డాడు. నీళ్లు బుసకొట్టి మూసుకున్నాయి.

మేఘఘోషం కుంటుకుంటూ ఉత్తరద్వారానికి ఆవల, గడ్డిలో వాలింది. దాని ఎడమరెక్క తెగి రక్తం కారుతోంది. సారంగుడు దిగి తలపాగా చింపి కట్టు కట్టాడు. గోడ మీద జనం ఎవరూ కేకలు వేయలేదు, బాణాలు వేయలేదు. భటులకు ఏం చేయాలో తోచక న్యాయాధిపతి వంక చూశారు. సత్యకేతును ఇద్దరు పట్టుకొని బురుజెక్కించారు. ఆయన ఉత్తరీయానికి ఇంకా గడ్డిపరకలు, తేనె అంటుకొని ఉన్నాయి.

సారంగుడు చేతులు రెండూ పైకెత్తి చూపించాడు. "ఇది అబద్ధం కాదండి, నిజంగానే తీసుకుపోతున్నాను. అందరూ విన్నారు. మా అన్న నోట్లో మూలిక పోశాక నేనే తిరిగొచ్చి మీ ముందు నిలబడతాను. రాజీ అక్కర్లేదు. విచారణే చెయ్యండి."

మహారాజు ఏదో చెప్పబోతే సత్యకేతు చెయ్యి అడ్డం పెట్టాడు.

"విచారణంటే సాక్షి కావాలి కదా బాబూ," అన్నాడు. "నువ్వు గుర్రాన్ని ఎందుకు తీసుకుపోయావో నాకు సాక్ష్యం కావాలి. వచ్చేటప్పుడు మీ అన్నను వెంటబెట్టుకురా. నడిపించుకు రావాలి సుమా, మోసుకొస్తే ఒప్పుకోను."

సారంగుడు తల వంచి మొక్కాడు. కళ్లు తుడుచుకొని గుర్రం కళ్లెం పట్టుకొని అడవిలోకి నడిచాడు. చెట్లు దట్టమయ్యాయి, ఎండ సన్నగిల్లింది. ధూమగిరి పాదాల దగ్గర పొగ దారికి అడ్డంగా తెరలా దిగింది. ఆ పొగ లోపలి నుంచి ఎవరో అతన్ని పేరుపెట్టి పిలిచారు.

అతడు ఆగిపోయాడు. పుట్టినప్పటి నుంచి వింటున్న గొంతు అది. దక్షిణాన, ఎన్నో ఆమడల దూరాన, గొంతుదాకా రాయైపోయిన అన్న గొంతు. అది అన్న పిలుపో, అగడ్తలో పడ్డవాడి కొత్త బేరమో పోయి చూస్తేనే తేలుతుందనుకొని, కళ్లెం బిగించి పట్టుకొని పొగలోకి అడుగువేశాడు.